వేసవి సెలవుల్లో అప్పీలు గడువు ముగిస్తే ఏం చేయాలి? అసలు ఈ సెలవులు, జడ్జీల లీవులు ఏ చట్టం ప్రకారం నడుస్తాయి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఏప్రిల్ 10న జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో మీ స్థలం దావా ఓడిపోయారు. 15న తీర్పు నకలు కోసం అప్లికేషన్ పెట్టారు, 24న నకలు సిద్ధమైంది. ఇంటికి తెచ్చుకుని డబ్బు సర్దుకునేలోపు మే వచ్చేసింది, సివిల్ కోర్టులు మూతపడ్డాయి. జూన్ 2న తెరుస్తారు. అప్పటిదాకా ఆగవచ్చా, ఈలోపు అవతలివాళ్లు డిక్రీ పట్టుకుని గోడ కట్టేస్తే దిక్కెవరు అన్నది మొదటి మాట. కోర్టు మొత్తం నెలరోజులు మూసేయడానికి చట్టం ఉందా, జడ్జీలు ఇష్టం వచ్చినప్పుడు లీవు పెట్టుకోవచ్చా అన్నది రెండోది. 26 ఏళ్లుగా జిల్లా కోర్టులోనూ హైకోర్టులోనూ ప్రాక్టీసు చేస్తున్నాను. ప్రతి మే నెలలో ఎవరో ఒకరు ఇదే ఆందోళనతో మా ఆఫీసు మెట్లెక్కుతారు. అందుకే తీరుబడిగా రాస్తున్నాను.

ముందు సూటి జవాబు. జూన్ 2న అప్పీలు వేస్తే అది గడువులో వేసినట్టే. జూన్ 3న వేస్తే గడువు దాటినట్టే. గోడ కట్టే ప్రమాదం నిజంగా ఉంటే మాత్రం జూన్ దాకా ఆగకండి, సెలవుల్లో అర్జెంటు కేసులు వినే వెకేషన్ కోర్టుకు ఇప్పుడే వెళ్లండి. ఇక రెండో ప్రశ్నకు: కోర్టు సెలవులకూ చట్టం ఉంది, జడ్జీల లీవుకూ చట్టం ఉంది. ఆ రెండూ వేర్వేరు. జనం ఆ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే సగం గందరగోళం.

మీ లెక్క చూద్దాం. జిల్లా కోర్టుకు అప్పీలుకు 30 రోజులు. తీర్పు ఇచ్చిన రోజు వదిలేస్తే మే 10తో ముగుస్తుంది. నకలు తయారీకి పట్టిన 10 రోజులు దావాలకూ అప్పీళ్లకూ గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం సెక్షన్ 12 ప్రకారం తీసేస్తారు, అంటే మే 20. ఆ రోజు కోర్టు మూసి ఉంది. లిమిటేషన్ చట్టం, 1963 సెక్షన్ 4 చెప్పేది ఇంతే: గడువులోని ఆఖరి రోజున కోర్టు మూసి ఉంటే, తిరిగి తెరిచిన రోజున దావా గాని, అప్పీలు గాని, దరఖాస్తు గాని వేయవచ్చు. మామూలు పనివేళల్లో కొంతసేపు మూసి ఉన్నా ఆ రోజు మూసినట్టే లెక్క అని దాని కింద వివరణ కూడా ఉంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. సెక్షన్ 4 మీ గడువును పొడిగించదు. మే 20 అన్నది మే 20గానే ఉంటుంది. తలుపు మూసి ఉన్నందుకు, తెరిచిన రోజున లోపలికి రానిస్తుంది, అంతే. 1935లోనే, అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్ ప్రివీ కౌన్సిల్ ఈ మాట స్పష్టంగా చెప్పింది, ఇప్పటికీ చట్టం అదే. దాని ఫలితం ఏమిటంటే, మీరు జూన్ 3న వెళితే మీ ఆలస్యం ఒక్క రోజు కాదు. మే 21 నుంచి లెక్కపెట్టి 14 రోజులు. అన్ని రోజులకూ సెక్షన్ 5 కింద పిటిషన్ వేసి, కారణం చూపి, మాఫీ కోరాలి. అప్పీలు కాబట్టి ఆ దారైనా ఉంది. కొత్త దావా అయితే సెక్షన్ 5 వర్తించదు, ఆ ఒక్క రోజుతో హక్కే పోతుంది.

సెలవుల్లో కాలం ఆగదు. మా దగ్గరికి వచ్చే కక్షిదారులకు నేను మొదట చెప్పే మాట ఇదే. ముఫ్ఫై రోజుల్లో సెలవుల రోజులు తీసేసి లెక్కపెట్టుకునేవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన వచ్చాడు. చేను గట్టు తగాదా, ఏప్రిల్ మూడో వారంలో తీర్పు. మే అంతా సెలవులే కదా, ఆ రోజులు లెక్కలోకి రావనుకుని నకలుకు కూడా అప్లికేషన్ పెట్టలేదు. జూన్‌లో కోర్టు తెరిచాక వారానికి నా దగ్గరికి వచ్చి, 'ఇప్పుడు పెడదాం సారూ' అన్నాడు. అప్పటికే 30 రోజులు అయిపోయాయి. గడువు ముగిశాక పెట్టిన నకలు అప్లికేషన్‌తో సెక్షన్ 12 లాభం అడగలేం. ఆలస్యం మాఫీ పిటిషన్ వేశాం, అవతలివాళ్లు కౌంటర్ వేశారు, వాయిదాలు పడ్డాయి. ఆ పిటిషన్ తేలడానికే ఎనిమిది నెలలు పట్టింది. మాఫీ అయితే అయింది గాని, అప్పీలుకు నంబరు పడేసరికి అవతలివాళ్లు ట్రాక్టరు తెచ్చి గట్టు దున్నేశారు. ఆ గట్టు మీద ఆయన తండ్రి పెట్టిన రెండు వేపచెట్లు ఉండేవి. అప్పీలు గెలిచాం, చెట్లు మాత్రం లేవు.

కాబట్టి మీ నకలు ఒకసారి చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పండి. అక్కడ రబ్బరు ముద్రలో వరసగా తేదీలు ఉంటాయి: అప్లికేషన్ పెట్టిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, స్టాంపులు దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ. ఆ తేదీలను గుమాస్తా సిరాతో చేత్తో నింపుతాడు, ఒక్కోసారి 4కూ 9కీ తేడా తెలియదు. తెలియకపోతే కాపీయింగ్ సెక్షన్‌లో అడిగి నిర్ధారించుకోండి. స్టాంపులు అడిగాక మీరు ఆలస్యంగా కట్టిన రోజులు మీ ఖాతాలోకే వస్తాయి. నకలు సిద్ధమయ్యాక మీరు తెచ్చుకోవడానికి పట్టిన రోజులు కూడా అంతే. మీరు 24న సిద్ధమైందన్నారు. అది సిద్ధమైన తేదీయా, మీ చేతికి వచ్చిన తేదీయా చూసుకోండి. 21న సిద్ధమై 24న మీరు తెచ్చుకుని ఉంటే మీ గడువు మే 20 కాదు, 17. మీ విషయంలో రెండూ సెలవుల్లోనే పడుతున్నాయి కాబట్టి బతికిపోయారు. ఏప్రిల్ 30కి అటూ ఇటూ గడువు ఉన్నవాళ్లకు ఈ మూడు రోజులే ప్రాణం.

సెక్షన్ 4కు ఇంకో హద్దు ఉంది, ఇది వ్యాపార ఒప్పందాల తగాదాల్లో ఉన్నవాళ్లకు. ఆర్బిట్రేషన్ అవార్డును, అంటే మధ్యవర్తి ఇచ్చిన తీర్పును, సవాలు చేయడానికి మూడు నెలల గడువు, తగిన కారణం చూపితే ఇంకో 30 రోజులు, అంతకుమించి ఒక్క రోజు కూడా లేదు. సెలవుల రక్షణ మొదటి మూడు నెలలకే తప్ప, ఆ దయాగడువు 30 రోజులకు లేదని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. 2025 జనవరి 10న ఇచ్చిన తీర్పులో అదే ఖాయం చేసింది. ఆ కేసు తేదీలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మూడు నెలలు 2022 మే 29న ముగిశాయి. అదనపు 30 రోజులు జూన్ 28న ముగిశాయి. జూన్ 4 నుంచి జులై 3 దాకా ఢిల్లీ హైకోర్టుకు వేసవి సెలవులు. జులై 4న, అంటే తెరిచిన రోజునే, పిటిషన్ వేశారు. కొట్టేశారు. మూసిన తలుపు ముందు నిలబడి, తెరిచీ తెరవగానే లోపలికి వెళ్లినవాడికి కూడా న్యాయం దొరకలేదు. చట్టం అలా ఉంది కాబట్టి కోర్టు అలా చెప్పింది. అయితే లిమిటేషన్ గురించి ఇంత బిగుతుగా ఉండటం సవాలు చేసుకునే హక్కునే కుదిస్తుందని ఆ తీర్పు రాసిన ధర్మాసనమే ఆవేదన చెందింది. ఈ చట్టం మారాలని నేనూ గట్టిగా కోరుకుంటున్నాను. మారేదాకా మాత్రం దయాగడువును సెలవుల దాకా లాక్కురాకండి.

సరే, గోడ సంగతి. సెలవులంటే న్యాయం మొత్తానికి తాళం వేయడం కాదు. జిల్లాల్లో వెకేషన్ సివిల్ జడ్జిని నియమిస్తారు. హైకోర్టు అయితే సెలవులకు ముందే నోటిఫికేషన్ ఇస్తుంది. అందులో ఏ వారం ఏ న్యాయమూర్తులు కూర్చుంటారు, ఫైలింగ్ ఏ రోజు, విచారణ ఏ రోజు అన్నది ఉంటుంది. ఈ రెండు తేదీలూ వేర్వేరు. విచారణ రోజున కాగితాలు పట్టుకుని వెళితే ఆ వారం పోయినట్టే, చాలామంది అక్కడే పొరబడతారు. తీసుకునే కేసులు కూడా కొన్నే: అక్రమ నిర్బంధం, బెయిలు, ముందస్తు బెయిలు, ఇల్లు ఖాళీ చేయించడం, కూల్చివేతలు, సెలవులు అయ్యేదాకా ఆగితే కోలుకోలేని నష్టం జరిగేవి. అర్జెంటు అని పిటిషన్‌లో రాసినంత మాత్రాన చాలదు. ఎందుకు అర్జెంటో అఫిడవిట్‌లో కనబడాలి. 'ప్రతివాదులు ఇబ్బంది పెడుతున్నారు' అని రాస్తే జడ్జి గారు జూన్‌లో రమ్మంటారు. ఇసుక దింపిన తేదీ, పునాది తవ్విన ఫొటో, మీరు ఇచ్చిన లీగల్ నోటీసు ఉంటే వింటారు.

మీ విషయంలో అప్పీలు, దానితోపాటు డిక్రీ అమలు నిలిపివేతకు పిటిషన్, వెకేషన్ కోర్టులో విచారణకు అనుమతి కోరుతూ ఇంకో పిటిషన్, మూడూ కలిపి వేయించండి. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 5 ఆ మాట నిక్కచ్చిగా చెబుతుంది, స్టే విడిగా అడిగి తెచ్చుకోవాలి. ఇదే రూల్ కింద, అప్పీలు గడువు ముగిసేలోపు తీర్పిచ్చిన కోర్టునే కొన్నాళ్లు ఆపమని అడగవచ్చు. ఏప్రిల్‌లోనే మీ వకీలు ఆ పని చేసి ఉంటే ఈ నెల మీరు హాయిగా నిద్రపోయేవారు. ఇది ఆయన్ను తప్పుపట్టడానికి కాదు, ఇది చదివే మిగతావారి కోసం చెబుతున్నాను.

స్టే ఇప్పటికే ఉన్నవాళ్లకు ఒక మాట. ఏప్రిల్ ఆఖరి వారంలో మీ స్టే ఉత్తర్వులోని ఆఖరి వాక్యం చదవండి. 'తదుపరి ఉత్తర్వుల వరకు' అని ఉంటే భయం లేదు. 'నాలుగు వారాలు' అనో, ఫలానా తేదీ వరకు అనో ఉంటే ఆ తేదీ సెలవుల్లో పడుతుందేమో చూడండి. నా కక్షిదారు ఒకరి షెడ్డు మీద కూల్చివేత నోటీసుకు హైకోర్టు నాలుగు వారాల స్టే ఇచ్చింది. అది సెలవులు మొదలైన మూడో రోజుతో అయిపోతుంది. పొడిగింపు అడగడం ఆ హడావుడిలో నేనే మరిచాను. నాలుగో రోజు పొద్దున్నే ఏడింటికి జేసీబీ వచ్చింది. హౌస్ మోషన్ అడిగి, న్యాయమూర్తి ఇంటి దగ్గర వాదించి, సాయంత్రానికి ఉత్తర్వు తెచ్చాం. అప్పటికి ముందు గోడ, రేకుల్లో సగం పోయాయి. అప్పటినుంచి మా ఆఫీసులో ఏప్రిల్ 15 నాటికి స్టే ఉన్న ప్రతి ఫైలూ బయటికి తీసి ఆఖరి వాక్యం కింద పెన్సిలుతో గీత గీస్తాం.

మీకు ఆసక్తికరంగా ఉండే సంగతి ఒకటి: కోర్టు మూసి ఉండటాన్ని రాజ్యాంగమే గుర్తించింది. ఆర్టికల్ 226(3) ప్రకారం, మీ వాదన వినకుండా హైకోర్టు మీ మీద స్టే ఇచ్చి ఉంటే, దాన్ని తొలగించమని మీరు దరఖాస్తు పెడితే రెండు వారాల్లో తేల్చాలి. తేల్చకపోతే స్టే దానంతట అదే పోతుంది. ఆ రెండు వారాల ఆఖరి రోజున హైకోర్టు మూసి ఉంటే, ఆ తర్వాత తెరిచి ఉన్న మొదటి రోజు ముగిసేదాకా సమయం ఇచ్చారు. రాజ్యాంగంలో ఇంత చిన్న విషయం రాసిపెట్టారంటే సెలవు అన్నది న్యాయ ప్రక్రియలో ఎంత ముఖ్యమో అర్థం చేసుకోవచ్చు.

క్రిమినల్ వైపు సంగతి వేరు. మేజిస్ట్రేట్ కోర్టులు సాధారణంగా సివిల్ కోర్టుల్లా నెలంతా మూతపడవు. కాబట్టి చెక్ బౌన్స్ ఫిర్యాదు గడువు మేలో ఉంటే, సివిల్ కోర్టు సెలవుల మీద భరోసా పెట్టుకుని కూర్చోకూడదు. మీ మేజిస్ట్రేట్ కోర్టు ఆ రోజు తెరిచే ఉందేమో కనుక్కోండి. అరెస్టయినవాడిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది ఆర్టికల్ 22, దానికి ఆదివారం, పండగ, వేసవి ఏదీ అడ్డు కాదు. అవసరమైతే మేజిస్ట్రేటు గారి ఇంటికే తీసుకెళతారు. చార్జిషీటుకు ఉన్న 60, 90 రోజుల గడువు కూడా సెలవులని ఆగదు. ఆ రోజు దాటగానే బెయిలు హక్కు పుడుతుంది, దాన్ని వెంటనే దరఖాస్తు రూపంలో అడగాలి. ఈ గడువు సెలవుల్లో ముగుస్తుందని తెలియక, జూన్ దాకా జైల్లో ఉండిపోయిన కుర్రాళ్లను చూశాను. వాళ్ల తల్లిదండ్రులకు 'కోర్టులు లేవు, జూన్‌లో చూద్దాం' అని ఎవరో చెప్పి ఉంటారు. దయచేసి ఆ మాట ఎవరు చెప్పినా నమ్మకండి.

ఇక మీ రెండో ప్రశ్న.

హైకోర్టు సెలవులకు ఆధారం హైకోర్టు జడ్జీల జీతాలు, సర్వీసు నిబంధనల చట్టం, 1954లోని సెక్షన్ 23ఏ. ప్రతి హైకోర్టుకు సెలవు కాలం ఉండాలని, అది ఎంతన్నది రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా నిర్ణయిస్తారని, ఆ ఉత్తర్వును పార్లమెంటు ఉభయ సభల ముందు ఉంచాలని అందులో ఉంది. ఆ పరిమితిలో వేసవి, దసరా, సంక్రాంతి అంటూ ఏయే తేదీలన్నది హైకోర్టు తన క్యాలెండర్‌లో ప్రకటిస్తుంది. జిల్లా సివిల్ కోర్టుల సెలవులు ఆయా రాష్ట్రాల సివిల్ కోర్టుల చట్టాల కింద హైకోర్టు చేతిలో ఉంటాయి. ట్రిబ్యునళ్లకు వాటి క్యాలెండర్ వాటిదే. హైకోర్టుకు సెలవులు కదా అని బ్యాంకు వేలం నోటీసు మీద డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్‌కు) వెళ్లకుండా కూర్చోవద్దు.

సుప్రీంకోర్టుకు ఆర్టికల్ 145 కింద తన నిబంధనలు తానే, రాష్ట్రపతి ఆమోదంతో, చేసుకునే అధికారం ఉంది. 2013 నిబంధనల్లో వేసవి సెలవులు ఏడు వారాలు మించకూడదని, ఏడాది మొత్తం మీద సెలవులు 103 రోజులు మించకూడదని ఉండేది. 2024 నవంబరులో ఆ నిబంధన మార్చారు. 'వేసవి సెలవులు' అన్న మాట తీసేసి 'పాక్షిక పని దినాలు' అన్నారు, పరిమితిని ఆదివారాలు కాక 95 రోజులకు తగ్గించారు. 'వెకేషన్ జడ్జి' అన్న మాట కూడా పోయింది. పేరు మార్చడం ఒక్కటే అని కొట్టిపారేసినవాళ్లు ఉన్నారు. నాకలా అనిపించలేదు. 2025 వేసవిలో మొదటి వారం ప్రధాన న్యాయమూర్తితో సహా అయిదుగురు అగ్ర న్యాయమూర్తులు బెంచీల మీద కూర్చున్నారు. అంతకుముందు ఆ పని ఎక్కువగా జూనియర్ న్యాయమూర్తుల మీదే పడేది.

ఇప్పుడు జడ్జీల సొంత లీవు. హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులకు 1954, 1958 నాటి రెండు చట్టాల్లో లీవు ఖాతా అంటూ ఒకటి ఉంది, బ్యాంకు పాస్‌బుక్కులా ఉంటుంది. హైకోర్టు జడ్జి సంగతే తీసుకుందాం. చేసిన సర్వీసులో నాలుగో వంతు ఆ ఖాతాలో సగం జీతం లీవుగా జమ అవుతుంది. పూర్తి జీతంతో లీవు తీసుకుంటే రెట్టింపు రోజులు ఖర్చు రాస్తారు. పూర్తి జీతం లీవు మొత్తం సర్వీసులో ఇరవై నాలుగో వంతు దాటకూడదు. పదేళ్లు పనిచేసిన జడ్జికి సగం జీతం లెక్కన 30 నెలలు జమ అవుతాయి, అందులో పూర్తి జీతంతో వాడుకోగలిగేది అయిదు నెలలు, దానికి ఖాతాలోంచి పది నెలలు పోతాయి. మొత్తం సర్వీసులో అన్నీ కలిపి సగం జీతం లెక్కన మూడేళ్లు మించకూడదు. ఒకేసారి అయితే పూర్తి జీతంతో అయిదు నెలలు, ఏ రకమైనా కలిపి 16 నెలలు. జబ్బు చేస్తే వైద్య ధ్రువపత్రం మీద కొన్ని సడలింపులు ఉన్నాయి, అవి మీకు అవసరం లేదు.

ఆ లెక్కలో ఒక ముఖ్యమైన సంగతి దాగి ఉంది. కోర్టు సెలవులు చట్టం దృష్టిలో జడ్జికి లీవు కాదు, సర్వీసే. 'వాస్తవ సర్వీసు' నిర్వచనంలో సెలవుల కాలాన్ని కలిపారు. అందుకే వేసవిలో ఇంట్లో ఉన్నా లీవు ఖాతాలోంచి ఒక్క రోజు కూడా తగ్గదు. హైకోర్టుకు సంబంధం లేని ఇంకేదైనా విధిలో పెట్టి జడ్జికి ఆ సెలవులు లేకుండా చేస్తే, నెలకు తగ్గిన రోజులకు రెట్టింపు లీవు ఖాతాలో జమ చేయాలి. మరోవైపు, లీవు గాని సెలవులు గాని ముగిశాక జడ్జి రాకపోతే ఆ రోజులకు జీతం లేదు. తన చేతిలో లేని కారణం అయితే తప్ప. సెలవులతో లీవు కలుపుకోవాలన్నా ముందో వెనకో ఒక పక్కే, రెండు పక్కలా కలపడానికి లేదు. మన స్కూలు టీచర్లకు ఉన్న నియమాలు గుర్తొస్తున్నాయా? ఇష్టం వచ్చినట్టు తీసుకునే లీవు కాదని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను.

లీవు ఇచ్చేదెవరు? సుప్రీంకోర్టు జడ్జికి రాష్ట్రపతి, భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి. హైకోర్టు జడ్జికి రాష్ట్ర గవర్నరు, అక్కడి ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి. ఒక జడ్జి నచ్చని తీర్పులిస్తున్నాడని ప్రభుత్వం ఆయన లీవు హక్కులు కుదించడానికి వీల్లేదు. నియామకం తర్వాత లీవు, పింఛను హక్కుల్ని ఆయనకు నష్టం కలిగేలా మార్చకూడదని 125, 221 ఆర్టికల్స్ చెబుతున్నాయి. న్యాయవ్యవస్థ స్వతంత్రత అని మనం పెద్ద మాటల్లో చెప్పుకునేది ఇలాంటి చిన్న చిన్న చోట్లే నిలబడుతుంది.

మీరు రోజూ చూసే జిల్లా, మున్సిఫ్ కోర్టుల జడ్జీల లీవు పూర్తిగా హైకోర్టు అదుపులో ఉంటుంది. ఆర్టికల్ 235లో పోస్టింగు, ప్రమోషన్‌తోపాటు 'లీవు మంజూరు' అన్న మాట విడిగా రాశారు. అంటే ప్రభుత్వానికి ఇందులో చేయి లేదు. ఆ అధికారం మంచికీ ఉపయోగపడుతుంది, కొన్నిసార్లు కఠినంగానూ ఉంటుంది. 2025లో జార్ఖండ్‌లో ఒక మహిళా అదనపు జిల్లా జడ్జి బిడ్డను చూసుకోవడానికి శిశు సంరక్షణ సెలవు అడిగితే దొరకక సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. పగలంతా ఇతరుల కుటుంబాల తగాదాలు తీర్చే మనిషి తన బిడ్డ కోసం కోర్టుకెక్కాల్సి రావడం నన్ను చాలా బాధపెట్టింది.

'పీవో గారు (అంటే ఆ కోర్టు జడ్జి గారు) లీవులో ఉన్నారు' అని బెంచ్ క్లర్కు వాయిదా తేదీ చెప్పి పంపిస్తే, ఆ రోజు మీ పని మొత్తం ఆగిపోయినట్టు కాదు. ఇన్‌చార్జి జడ్జి ఎవరో బోర్డు మీద ఉంటుంది, లేదా క్లర్కును అడిగితే చెబుతారు. సాక్ష్యం నమోదు చేయరు, వాదనలు వినరు. కానీ రిమాండు పొడిగింపు, బెయిలు, స్టే పొడిగింపు లాంటి అర్జెంటు పనులు చూస్తారు. స్టే గడువు ఆ రోజుతో ముగుస్తుంటే వాయిదా రాసుకుని ఇంటికి వెళ్లిపోకండి, ఇన్‌చార్జి కోర్టులో పొడిగింపు అడగండి.

ఇన్ని కేసులు పేరుకుని ఉంటే ఈ సెలవులు న్యాయమేనా అని మీ ప్రశ్నలో ఒక ఆవేశం కనబడింది. నా అభిప్రాయం చెబుతాను. నా సీనియర్ ఒకరు తర్వాత జడ్జి అయ్యారు. మే నెలలో ఆయన ఇంటికి వెళితే భోజనాల బల్ల మీద అన్నం పెట్టుకోవడానికి చోటుండేది కాదు. ఎర్ర నాడాలు కట్టిన కట్టలు, మధ్యలో ఆయన, పక్కన చల్లారిన కాఫీ. వాదనలు విని రిజర్వు చేసిన తీర్పులన్నీ అక్కడే రాసేవారు. పనిరోజుల్లో పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం దాకా బెంచి మీద కూర్చున్న మనిషి రాత్రి ఎన్ని పేజీలు రాయగలడు? కాబట్టి జడ్జీలకు విరామం అక్కర్లేదు అనే మాటతో నేను ఏకీభవించను. సెలవుల్లో పెద్ద పనులు జరగవన్నది కూడా నిజం కాదు. 1975 జూన్ 24న ఇందిరా గాంధీ ఎన్నిక కేసులో షరతులతో స్టే ఇచ్చింది వెకేషన్ జడ్జిగా ఒక్కరే కూర్చున్న జస్టిస్ వీ.ఆర్. కృష్ణయ్యర్. 2017లో ట్రిపుల్ తలాక్ కేసును అయిదుగురు జడ్జీల ధర్మాసనం వేసవి సెలవుల్లోనే విన్నది.

కానీ జడ్జికి విరామం ఇవ్వాలంటే కోర్టుకే తాళం వేయాలా? అక్కర్లేదు. ఆసుపత్రిలో డాక్టర్లందరూ ఒకే నెలలో సెలవు తీసుకోరు. 2014లో ప్రధాన న్యాయమూర్తిగా ఉన్న జస్టిస్ ఆర్.ఎం. లోధా ఈ మాటే అన్నారు: జడ్జీలు వంతులవారీగా సెలవు తీసుకుంటే కోర్టు ఏడాది పొడవునా నడుస్తుంది. 2023 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా దీన్నే సిఫారసు చేసింది. అంతకుముందు 2003లో క్రిమినల్ న్యాయ సంస్కరణల మీద వేసిన మలిమథ్ కమిటీ సుప్రీంకోర్టు 206 రోజులు, హైకోర్టులు 231 రోజులు పనిచేయాలంది. 2009లో లా కమిషన్ తన 230వ నివేదికలో సెలవులు 10 నుంచి 15 రోజులు తగ్గించి రోజూ అరగంట ఎక్కువ కూర్చోవాలంది. వంతుల పద్ధతికి అడ్డంకి జడ్జీలు మాత్రమే కాదు, మేమూ ఉన్నాం. వకీళ్లకు కూడా మే నెలే తీరిక, పిల్లల సెలవులూ అప్పుడే. మా బార్ సంఘాలు ముందు ఒప్పుకోవాలి. నేను మా సంఘంలో ఈ మాట రెండుసార్లు ఎత్తాను, మళ్లీ ఎత్తుతాను. ముఖ్యంగా జైల్లో ఉండి విచారణ కోసం ఎదురుచూసేవాళ్ల కేసుల వరకైనా ఏ కోర్టూ నెలంతా ఆగకూడదు.

మళ్లీ మీ పనికి వస్తాను. రేపే మీ వకీలును కలిసి అప్పీలు కాగితాలు, కోర్టు ఫీజు సిద్ధం చేయించండి. జూన్ 2 ఉదయం ఫైలింగ్ కౌంటరు దగ్గర నెలరోజుల రద్దీ ఒకేసారి ఉంటుంది. సర్వర్ మొరాయిస్తుంది, ఏదో ఒక అభ్యంతరం రాసి కాగితాలు వెనక్కి ఇస్తారు. వెనక్కి ఇచ్చినా మొదట దాఖలు చేసిన తేదీ ముద్ర ఉండేలా చూసుకోండి. ఈ-ఫైలింగ్ మీ కోర్టులో ఉంటే ఇప్పుడే పెట్టేయండి, సెలవుల్లో పెట్టకూడదని ఏ చట్టమూ అనలేదు. అవతలివాళ్లు ఇటుకలు దింపడం కనబడితే తేదీ పడేలా ఫొటో తీసి వెకేషన్ కోర్టుకు వెళ్లండి. నకలు వెనకవైపు ఉన్న అయిదు తేదీలూ ఇక్కడ రాయండి, పేర్లు, కేసు నంబరు అక్కర్లేదు. గడువు సరిగ్గా ఎప్పటికో లెక్కవేసి చెబుతాను.